ఈసారి పెద్దగట్టును అడగరు

(నల్లగొండ, పాలమూరు జిల్లాల విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గనులు, అడవులు, జీవవైవిధ్యం అని మీరు మాకిచ్చిన అంశం పేరు చాలా పెద్దగా ఉంది. సెమినార్ హాళ్లలో ఏసీ కింద కూర్చొని మాట్లాడుకునే భాషలో ఉంది. మేం దాన్ని మన గుట్టల దగ్గరికి దించి మాట్లాడదామనుకుంటున్నం. లంబాపురం, పెద్దగట్టు, చిత్రియాల, అమ్రాబాద్. ఈ నాలుగు పేర్లలో ఆ అంశం మొత్తం ఉంది.

2003 ఆగస్టు 19 నాటి సంగతి మీలో పెద్దవాళ్లకు యాదికుంటది. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున లంబాపురం - పెద్దగట్టు యురేనియం గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే యూసిల్, కావాలన్నది దాదాపు 1300 ఎకరాలు. అందులో 1100 ఎకరాల దాకా ఎల్లాపురం రిజర్వు అడవే. మూడు భూగర్భ గనులు, ఒక ఓపెన్ కాస్ట్. రోజుకు 1250 టన్నుల ఖనిజం. ఆ రోజు దాకా ఆ తండాల జనానికి యురేనియం అంటే ఏందో తెల్వదు. నౌకర్లొస్తయి, రోడ్లొస్తయి అన్న మాటే తెలుసు. ఆ సభ పెట్టవలసి వచ్చింది కాబట్టే నివేదిక బయటపడ్డది. నివేదిక బయటపడ్డది కాబట్టే శాస్త్రవేత్తలు, డాక్టర్లు, విద్యార్థులు చదివిండ్రు, తండా తండాకు తిరిగి చెప్పిండ్రు. సభలో జనం వద్దన్నరు. 2005లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చినా గని తెరుచుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తం. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమొరాండం తీసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు అని చట్టం జాబితాలో ఉన్నవాటి గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది. విస్తీర్ణం ఎంత చిన్నదైనా కేంద్రమే ఢిల్లీలో పరిశీలించి అనుమతి ఇస్తుంది. అంటే 2003 నాటి సభ లాంటిది మళ్లీ పెట్టాలన్న బాధ్యత ఎవరి మీదా ఉండదు. చట్టం మారలేదు, పార్లమెంటులో చర్చ లేదు. ఒక్క మెమోతో పెద్దగట్టును అడగాల్సిన పని తీసేసిండ్రు. మనం ఇయ్యాల ఇక్కడ కూర్చున్నది దీని గురించి.

ఈ యురేనియం ఎక్కడుంటదో ముందు అర్థం చేసుకుందాం, ఎందుకంటే రాజకీయం అంతా ఆ భూగర్భంలోనే ఉంది. దేవరకొండ, సాగర్ ప్రాంతంలో మీరు చూసే గుట్టలు మొన దేలి ఉండవు, పైన బల్లపరుపుగా ఉంటయి. పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొర, కింద మన పాత గ్రానైటు. రెండూ కలిసే అతుకు దగ్గర యురేనియం పేరుకుంది. లంబాపురం గుట్ట, పెద్దగట్టు, చిత్రియాల అన్నీ అట్లాంటివే. పైనున్న రాతి పొర పగుళ్ల నుంచి వాన నీళ్లు దిగుతయి, అదే అతుకు దగ్గర ఆగి పక్కలకు ఊటగా బయటికొస్తయి. అంటే ఊట చెలిమెలకు నీళ్లొచ్చే జాగ, యురేనియం ఉన్న జాగ ఒక్కటే. వాగులు పుట్టేది అక్కడే, కణితి, దుప్పి, ఎలుగుబంటి ఎండకాలం నీళ్లకు దిగేది అక్కడికే, చెంచు పెంట ఉండేది ఆ చెలిమె పక్కనే. గని తవ్వేవాడికి కావాల్సింది కచ్చితంగా ఆ అతుకే. జీవవైవిధ్యాన్ని పక్కకు జరిపి ఖనిజం తీసుకుంటం అన్న మాట ఇక్కడ ఎందుకు చెల్లదో ఈ ఒక్క ముక్క చాలు.

రెండో సంగతి వ్యర్థం. మన దేశంలో దొరికే యురేనియం ఖనిజం చాలా పలుచన. టన్ను రాయికి వచ్చేది కిలో అటూ ఇటూ, చాలా చోట్ల అంతకన్నా తక్కువ. మిగిలిన రాయంతా పిండి చేసి, ఆమ్లంతోనో క్షారంతోనో కడిగి, బురదగా ఒక చెరువులోకి పంపుతరు. దాన్నే టెయిలింగ్ పాండ్ అంటరు. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో నూటికి 85 వంతులు ఈ బురదలోనే ఉండిపోతయి. యురేనియం పోతది కానీ దానితో పుట్టిన థోరియం, రేడియం ఇక్కడే ఉంటయి. రేడియం సగం తరగడానికి 1600 ఏండ్లు. ఆ థోరియానికి 75 వేల ఏండ్ల పైన. గని ఆయుష్షు మాత్రం 20 ఏండ్లు అన్నరు. 20 ఏండ్ల నౌకరీకి 75 వేల ఏండ్ల కాపలా. ఆ కాపలా జీతం ఎవరిస్తరు అని ఆ నివేదికలో వెతికితే దొరకదు.

ఆ శుద్ధి కర్మాగారం కథ కూడా చెప్పాలె. ముందు మల్లాపురం దగ్గర అన్నరు. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో అక్కంపల్లి జలాశయం ఉంది. కృష్ణా నీళ్లు హైదరాబాదుకు పోయేది దాంట్లో నుంచే. గోల లేచింది. అప్పుడు కర్మాగారాన్ని దేవరకొండ దగ్గరి సేరిపల్లికి జరిపిండ్రు. గనికి 50 కిలోమీటర్ల పైన. 2005 మార్చిలో అక్కడ మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ. పట్నపోళ్లు తాగే నీళ్లని తెలిసి జరిపిండ్రు, మంచిదే. కానీ ఎటు జరిపిండ్రు? నల్లగొండ లోపలికే. అప్పటికే ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లాకు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీ చేసి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలెక్క చేసి, ఎన్నికను వాయిదా వేయించి దేశానికి చూపించిన జిల్లా ఇది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో ఆ విషం కూడా ఆ గ్రానైటు రాయి నుంచి నీళ్లలోకి దిగిందే. నేల లోపలి రాతికీ బాయిల నీళ్లకూ సంబంధం లేదని ఎవరన్నా అంటే, ఈ జిల్లా పిల్లల దంతాలు చూడమనాలె.

ఇగ అమ్రాబాద్. నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించిండ్రు. 1983లో పులుల ప్రాజెక్టులోకి తీసుకున్నరు. రాష్ట్రం విడిపోయినంక మన వైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కలిపి 2611 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, రేచుకుక్క, ఎలుగు, కొండగొర్రె, అలుగు అన్నీ ఉన్న అడవి. ఏగిస, నల్లమద్ది, తపసి, ఇప్ప, తునికి, మారేడు చెట్లున్న అడవి. తేనె, తపసి బంక మీద చెంచులు బతికే అడవి. కృష్ణమ్మకు నీళ్లిచ్చే వాగులు పారే అడవి.

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం ఈ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సిఫారసు చేసింది. అడిగింది అణుఖనిజ సంచాలక సంస్థ. వేయబోయే బోర్లు 4 వేల దాకా అని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఇది పరిశోధన మాత్రమే, గని కాదు కదా అన్నరు. మనవాళ్లల్ల కూడా కొందరు, చదువుకున్నవాళ్లే, ఇదే మాటన్నరు. మంచిది. బోరు బండి గాలిలో ఎగిరి పోదు కదా. దారి కావాలె. దారి కోసం చెట్లు, పొదలు కొట్టాలె. రాత్రి పగలు ఇంజను నడవాలె, నీళ్లు పొయ్యాలె, ఆ నీళ్లు వాగు నుంచే తేవాలె. తవ్విన మట్టి, బురద ఎక్కడో పొయ్యాలె. ఒక్క బోరు అయితే అడవి ఓర్చుకుంటది. 4 వేల బోర్లు పడితే 4 వేల దారులు, ఆ దారుల వెంట వేటగాడు, కట్టెల దొంగ, మంట. పులికి కావాల్సింది పెద్ద చెట్టు కాదు, మనిషి సప్పుడు లేని జాగ.

అప్పుడు ఏం జరిగింది? అచ్చంపేట, అమ్రాబాద్, మన్ననూరు జనం రోడ్డెక్కిండ్రు. చెంచులు దిగిండ్రు. పట్నంలో కవులు, కళాకారులు, సినిమావాళ్లు, కాలేజీ పిల్లలు నల్లమలను కాపాడుదాం అన్నరు. 2019 సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇది మన గెలుపు. అయితే, ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలె, చెప్పకపోతే ఈ సదస్సుకు అర్థం లేదు. అదే ప్రతిపాదనకు 2016లో సరే అన్నది మన సొంత రాష్ట్ర వన్యప్రాణి మండలి. వలస పాలకులు కాదు, ఢిల్లీ కాదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం లెక్క చెప్పినప్పుడు అడవిని ఏ ఖాతాలో వేసినమో మనకే తెల్వదు. 2003లో హైదరాబాదు ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, అది మనది కాదనుకున్నం కాబట్టి. 2016 తర్వాత ఆ వెసులుబాటు లేదు.

చట్టం ఏం చెప్తుందో ఉద్యోగ మిత్రులు తెలుసుకోవాలె, ఎందుకంటే ఫైలు మీ బల్ల మీదికే వస్తది. ఖనిజాలు రాష్ట్రం భూమిలో ఉన్నా, 1957 గనుల చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న యురేనియం మీద పెత్తనం కేంద్రానిది. అభయారణ్యం లోపల, దాని హద్దు నుంచి ఒక కిలోమీటరు దాకా గని తవ్వొద్దని సుప్రీంకోర్టు 2006లో అన్నది, 2022లో అన్నది, 2023 ఏప్రిల్‌లో తీర్పును సవరించినప్పుడు కూడా గనుల మాట మార్చలేదు. అంటే అమ్రాబాద్ కోర్‌లో గని కుదరదు. మరి తవ్వరాని చోట 4 వేల బోర్లు వేసి వెతకడం ఎందుకు? వెతికి నిక్షేపం ఇంత ఉంది అని కాగితం మీద పెట్టినంక, దేశ అవసరం అనే మాటతో హద్దు గీతను జరపడానికే. హద్దులు జరపడం మన దేశంలో కొత్త విద్య కాదు. పైగా 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ అన్వేషణ, సర్వే వంటివాటిని, కేంద్రం పెట్టే షరతులకు లోబడి, అడవియేతర పని కింద లెక్కించనవసరం లేదన్నది. తలుపు అక్కడ తెరిచి పెట్టిండ్రు.

కేంద్రం జాతీయ ఖనిజ విధానం 1993లో ఒకటి రాసింది, 2008లో మరొకటి. జీవవైవిధ్యం ఎక్కువున్న, సున్నితమైన ప్రాంతాల్లో సాధారణంగా గనులు తవ్వొద్దని వాటిలో ఉంది. ఆ సాధారణంగా అన్న ఒక్క మాటలో లంబాపురం పడుతుంది, అమ్రాబాద్ పడుతుంది, ఒడిశాలో నియమగిరి కూడా పడాల్సిందే. 2010 ప్రాంతంలో బొగ్గు క్షేత్రాల్లో ఇక్కడికి పోవచ్చు, ఇక్కడికి పోరాదు అని అడవులను పటాల మీద గీసే పని మొదలైంది. మంచి ఆలోచన. బొగ్గు శాఖ, విద్యుత్ కంపెనీలు గగ్గోలు పెట్టినంక దాన్ని అటకెక్కించిండ్రు. విధానంలో జీవవైవిధ్యం అనే మాటను చేర్చడం ఎప్పుడూ కష్టం కాదు. పటం మీద గీత గీసి, దీని లోపలికి ఎవ్వరూ రారాదు అనడమే కష్టం. ఆ గీత లేని విధానం కంపెనీ వార్షిక నివేదికలో పులి బొమ్మ లాంటిది.

మరి గిరిజనుల హక్కులు? 1997 జులైలో వచ్చిన సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వ భూమి లీజుకు ఇవ్వరాదన్నది. మనకు పెద్ద ఆయుధం. కానీ యూసిల్ ప్రభుత్వ సంస్థ, ఆ తీర్పు దాన్ని ఆపదు. ఇంకొకటి చూడండి. అమ్రాబాద్, మన్ననూరు, మాచారం, అప్పాపూర్, మద్దిమడుగు షెడ్యూల్డు గ్రామాల జాబితాలో ఉన్నయి. గుట్ట దిగి ఇవతలికొస్తే పెద్దగట్టు, లంబాపురం తండాలు ఆ జాబితాలో లేవు. అక్కడున్నదీ గిరిజనులే, లంబాడీలే, కానీ అయిదో షెడ్యూలు రక్షణ వాళ్లకు అందదు. ఒకే రాతి పొర, ఒకే కృష్ణ, రెండు చట్టాలు. అందుకే యూసిల్ ముందు ఇటు వైపు దిగిందా అని ఎవరన్నా అడిగితే మేం జవాబు చెప్పం, మీరే ఆలోచించుకోండి.

మనకు మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం. చెంచులకు ఆ చట్టం ఆవాస హక్కు ఇచ్చింది, అంటే ఒక్క గుడిసె జాగ కాదు, తిరిగే అడవి మొత్తం మీద. అయిదో సెక్షన్ అడవిని, జంతువులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి డోంగ్రియా కోందుల పల్లెలనే నిర్ణయించుకోమన్నది. 12 పల్లెల్లో గ్రామసభలు జరిగినయి, పన్నెండూ వద్దన్నయి. బాక్సైటు ఇప్పటికీ గుట్టలోనే ఉంది. 2022 అటవీ నియమాలు వచ్చినంక ఈ అడగడం కూడా కేంద్రం తుది అనుమతి ఇచ్చినంక రాష్ట్రం చూసుకోవాల్సిన పనిగా మారింది. పెండ్లయినంక పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు.

ఇంకో వింత. సార్లపల్లి, కుడిచింతలబయలు చెంచులను పులుల కోసం అడవి బయటికి పంపే ఆలోచన చాలా ఏండ్ల నుంచి నడుస్తుంది. ఇష్టపడి పోయేవాళ్లుంటే అది వాళ్ల నిర్ణయం. కానీ ఆ అటవీ హక్కుల చట్టంలోనే, అట్లా ఖాళీ చేయించిన కీలక వన్యప్రాణి ఆవాసాన్ని తర్వాత ఎవ్వరికీ ఏ పనికీ ఇవ్వరాదని రాసుంది. మనిషి అడుగు పులికి ఇబ్బంది, డ్రిల్లు మిషను మాత్రం ఇబ్బంది కాదు అన్నట్టు ఒక చేత్తో చెంచును పంపి, ఇంకో చేత్తో బోరు బండికి దారి ఇయ్యడం కుదరదని ఈ ఒక్క వాక్యం చెప్తుంది. అచ్చంపేట ఉద్యోగులు ఈ వాక్యాన్ని తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటిస్తే చాలా మేలు.

పక్కోడి అనుభవం కొంత చెప్పుకుందాం. కడప జిల్లా తుమ్మలపల్లిలో 2012లో ఉత్పత్తి మొదలైంది. మబ్బుచింతలపల్లి, కనంపల్లి, కె.కె. కొట్టాల రైతులు బోర్ల నీళ్లు చెడిపోయినయని, అరటి తోటలు పోయినయని మొత్తుకుంటనే ఉన్నరు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి టెయిలింగ్ పాండ్ అడుగు లైనింగు మీద నోటీసు ఇచ్చేదాకా వచ్చింది. జాదుగూడలో 2006 డిసెంబరులో వ్యర్థాల పైపు పగిలి వాగులోకి పారింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తరని తెలిసి ఊర్లకు ఊర్లు రోడ్డు మీదికొస్తే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వాళ్లూ తెలుగువాళ్లే, వాళ్లతో మనకు రాష్ట్రం దగ్గర పేచీ ఉండొచ్చు, రేడియంతో ఎవరికీ స్నేహం లేదు. సాగర్ కుడి కాలువ నీళ్లు గుంటూరు, ప్రకాశం పోతయి, ఎడమ కాలువ నీళ్లు మనకొస్తయి. బయటి దేశాల్లో అయితే అమెరికాలో నవాహో ఆదివాసులు తమ గడ్డ మీద యురేనియం తవ్వకాన్ని 2005లో తమ చట్టంతోనే నిషేధించుకున్నరు. అంతకు ముందు దశాబ్దాల పాటు తవ్వనిచ్చి, రోగాలు చూసి, 1979లో చర్చ్‌రాక్ టెయిలింగ్ కట్ట తెగడం చూసి చేసిన చట్టం అది.

యురేనియం గురించే మాట్లాడితే మిగతాది తప్పించుకుంటది. గ్రానైటు, ఇసుక లాంటివాటి మీద అధికారం రాష్ట్రానిదే. అక్కడ మనం ఏం చేసినం? రెవెన్యూ రికార్డులో గుట్ట అంటే పరంపోగు, ఖారీజు ఖాతా. అంటే ఎవరికీ పనికిరాని జాగ. కానీ పాలమూరు గుట్ట మీద సీతాఫలం ఉంటది, దాని బండ సందుల్లో గుడ్లగూబ, ఉడుము, నక్క ఉంటయి, దాని మీద పడ్డ వానే కింది కుంటను నింపుతది. గుట్టను కోసి బ్లాకులుగా పంపినంక కుంట ఎండుతది, పీనుగు పిట్టకు కూడా గూడుండదు. కోదాడ, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి వైపు సున్నపురాయి కథ మీకు మాకన్నా ఎక్కువ తెలుసు. చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పినా, ఒక్కో లీజును విడిగా చూస్తరు. ఒక మండలంలో ఇరవై క్వారీలుంటే ఇరవై నివేదికలు, ఇరవైల్లోనూ ప్రభావం స్వల్పం అని ఉంటది. స్వల్పాలన్నీ కూడితే ఎంత అని కూడే అధికారి లేడు. లంబాపురంలో కూడా ఇదే కిటుకు: గనికి ఒక సభ, 50 కిలోమీటర్ల అవతల కర్మాగారానికి ఇంకో సభ, మధ్యలో రోజూ లారీల్లో పోయే ఖనిజం ఎవరి లెక్కలోనూ సరిగా రాదు.

2015లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టిండ్రు. గనుల మీద వసూలైన దాంట్లో కొంత వాటా గనుల వల్ల నష్టపోయిన జనానికి. సీసీ రోడ్లు, ప్రహరీ గోడలు కాకుండా, ఆ పైసల్లో కొంత ఎండిన కుంటలకు, బాయిల నీటి పరీక్షలకు ఇయ్యమని అడగాలె. అడవి పోతే బదులు మొక్కలు పెడతమంటరు. నల్లమద్దికి బదులు నీలగిరి పెడితే దాని కింద తేనెపట్టు ఎట్ల కడుతది?

చేయాల్సిన పని ఇది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, ప్రజా రిజిస్టరు ఉండాలె. చాలా చోట్ల కాగితం మీద ఉన్నయి. దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూలు డిగ్రీ కాలేజీల వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పిల్లలు ఒక్క సెలవుల్లో కూర్చుంటే ఆ రిజిస్టరు నిజమైతది. ఏ చెలిమె ఏ నెల దాకా నీళ్లిస్తది, ఏ గుట్టలో తేనె, ఏ దారిలో ఎలుగు, ఏ పెంటకు ఎంత తిరిగే అడవి. చెంచు పెద్దమనిషి పక్కన కూర్చొని, ఆయన చెప్పిన పేర్లతోనే రాయాలె. లంబాపురం, పెద్దగట్టు, చిత్రియాల తండాల బాయిల నీళ్లు ఇప్పుడే, గని రాకముందే పరీక్ష చేయించి తేదీ వేసి పెట్టుకోవాలె, రేపు నీళ్లు చెడితే ముందు ఎట్లున్నయో చెప్పడానికి ఇంకో కాగితం ఉండదు. అమ్రాబాద్ గ్రామసభలు ఆవాస హక్కు దరఖాస్తులు పెట్టి రసీదు తీసుకోవాలె. ఉద్యోగులు మీ ఆఫీసుకొచ్చిన అన్వేషణ అర్జీల నంబర్లు, తేదీలు జనానికి తెలిసేలా నోటీసు బోర్డు మీద పెట్టాలె, అది నేరం కాదు, సమాచార హక్కు చట్టమే పెట్టమన్నది. ఢిల్లీ అడగడం మానేసింది కాబట్టి, ఇప్పటి నుంచి అడగకముందే చెప్పే పని మనది. తీర్మానం ముసాయిదా రెండు పేజీలు బయట బల్ల మీద పెట్టినం, ఊరు పేరు రాసుకునే జాగ ఖాళీగా ఉంది, తీసుకుపోండి.